హకాతా గొయ్యి: మనం మెచ్చుకోవాల్సింది ఆ వారాన్ని కాదు

జపాన్ గొప్పతనం గురించి మన ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఒకదానికి చావు లేదు. పెద్ద రైల్వే స్టేషన్ ఎదురుగా నడిరోడ్డు మీద నోరు తెరిచిన గొయ్యి. ఆ వెంటనే అదే చోట నున్నటి తారురోడ్డు. 'వారంలో పూడ్చేశారు' అని కింద రాత. కొన్నిటిలో ఆ వారం కాస్తా రెండు రోజులైపోయింది. తోకగా మన మున్సిపాలిటీకీ మన కాంట్రాక్టర్లకూ నాలుగు తిట్లు. తిట్లతో నాకు పేచీ లేదు. ఆ పొగడ్తతోనే ఉంది.

ఆ స్టేషన్ పేరు హకాతా. ఊరేమో ఫుకువోకా. 1889లో పక్కపక్కనే ఉన్న రెండు పట్టణాలను కలిపినప్పుడు ఊరికి ఒకదాని పేరు, స్టేషన్‌కి ఇంకోదాని పేరు పెట్టి సర్దుకున్నారు. (మన దగ్గరైతే ఈపాటికి రెండు బంద్‌లూ ఒక అఖిలపక్షమూ అయ్యుండేవి.) 2016 నవంబర్ 8న తెల్లవారుజామున 5:15కి ఆ స్టేషన్ ముందున్న ఐదు లేన్ల రోడ్డు కుంగిపోయింది. గొయ్యి 30 మీటర్ల పొడవు, 27 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల లోతు. కింద ననకుమా మెట్రో లైన్‌ను స్టేషన్ దాకా పొడిగించే సొరంగం తవ్వుతున్నారు. నవంబర్ 15 తెల్లవారేసరికి పైన బండ్లు తిరిగాయి.

ఇక్కడితో వీడియో అయిపోతుంది. కథ అవలేదు.

అంత త్వరగా ఎలా పూడ్చగలిగారు? గోతిలోకి ఊరుతున్న నీటిని తోడే పని పెట్టుకోలేదు. నీళ్లలోనే గట్టిపడేలా సిమెంటు కలిపిన మట్టిని జారుగా చేసి నింపుకుంటూ పోయారు. ఆ పరిస్థితిలో తెలివైన పనే. కానీ దాంతో బాగుపడింది రోడ్డు. అసలు జబ్బు ఎక్కడుందో ఆ సొరంగం మట్టితో, నీళ్లతో నిండి కిందే ఉండిపోయింది. పైన పటారం, లోన లొటారం. నేల మునుపటికంటే 30 రెట్లు గట్టిపడిందని మేయర్ సోయిచిరో తకషిమా ధీమాగా చెప్పారు. అదే నెల 26న ఆ రోడ్డే 7 సెంటీమీటర్ల దాకా దిగింది. మళ్లీ కొన్ని గంటలు మూసేశారు. ఇది ఏ వీడియోలోనూ కనపడదు. పొడిగింపు మొత్తం 1.4 కిలోమీటర్లు. 2020కల్లా పూర్తవ్వాల్సింది, 2023 మార్చి 27న గానీ రైలు నడవలేదు. ఏడు రోజుల లెక్క నోటికొచ్చిన మనకు ఈ ఆరేళ్ల లెక్క ఎవరూ చెప్పలేదు.

ఆ రోడ్డు ఎప్పుడైనా బాగయ్యేదే. అది పడిపోవడానికి ముందు జరిగింది చూడండి. నాలుగున్నర కాకముందే సొరంగం ముఖం దగ్గర మట్టి పెళ్లలుగా రాలడం మొదలైంది. కాసేపటికి నీళ్లు ఉబికాయి. ఐదింటికల్లా కార్మికులంతా పైకి వచ్చేశారు. 5:10కి రోడ్డుకు అడ్డం కట్టి బండ్లను ఆపేశారు. 5:15కి రోడ్డు పోయింది. నగరం నడిబొడ్డున అంత గొయ్యి పడితే ఒక్క ప్రాణమూ పోలేదు.

ఆ ఐదు నిమిషాలే నా దృష్టిలో హకాతా ఘనత. మిషన్ల సంఖ్యతోనో మేయర్ ఉపన్యాసంతోనో వచ్చేది కాదిది. కింద పనిచేసేవాడు 'ఇది మామూలు నీరు కాదు' అంటే, పైవాడు 'ఇంకో షిఫ్టు చూద్దాంలే' అనకపోవడం వల్ల వచ్చింది. ఒకవేళ రోడ్డు కూలకపోయుంటే? స్టేషన్ ముందు రాస్తా ఊరికే మూసినందుకు అదే మనిషి సంజాయిషీ రాసుకుంటూ కూర్చునేవాడేమో. పని మొదలుపెట్టిన వాడికి శిలాఫలకం దక్కుతుంది, ముగించిన వాడికి రిబ్బనూ కత్తెరా దక్కుతాయి. ఆపిన వాడికి ఏం ఇస్తున్నాం?

వేగాన్ని తీసిపారేయొద్దని అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజముంది. కరెంటు, గ్యాస్, నీళ్లు, మురుగు, టెలిఫోన్, అన్నీ ఆ గోతిలోనే తెగాయి. పక్క భవనాల పునాదులు బయటపడ్డాయి. ఆలస్యం చేస్తే నష్టం ఇంకా పెరిగేది. ఒప్పుకుంటాను. కానీ ఇల్లు అంటుకున్నాక బాగా ఆర్పినందుకు ఇంటివాడికి సన్మానం చేస్తూ కూర్చుంటే, పొయ్యి దగ్గర కిరోసిన్ ఎందుకు పెట్టావని అడిగేదెవరు? ననకుమా లైన్ పనుల్లో రోడ్డు కుంగడం అప్పటికి మొదటిసారి కూడా కాదు. 2000లో ఒకసారి, 2014లో ఒకసారి అయింది. స్టేషన్ దగ్గర సొరంగానికి పైనున్న రాతిపొర బలహీనం, దాని మీద నీళ్లు నిండిన ఇసుక. అలాంటి నేల కింద తవ్వే పద్ధతి సరైనదేనా అన్న ప్రశ్న పూడ్చిన వేగానికి వచ్చిన చప్పట్లలో కలిసిపోయింది.

జపాన్ వాళ్ల రక్తంలోనే ఏదో ఉందని నమ్మేవాళ్లు టోక్యో పక్కనున్న సైతామా రాష్ట్రానికి వెళ్లాలి. 2025 జనవరి 28న అక్కడి యాషియో నగరంలో ఒక కూడలి కుంగింది. కింద 1983 నాటి మురుగు పైపు. దాదాపు 12 లక్షల మందిని స్నానాలు, బట్టలుతకడం తగ్గించుకోమని వేడుకోవాల్సి వచ్చింది. అదే దేశం, అదే జనం, అదే సిమెంటు. వారంలో ఏమీ కాలేదు, గొయ్యి రోజురోజుకూ పెరిగింది. హకాతాలో రోడ్డు కింద మనుషులుండి నీటిని కళ్లతో చూశారు. యాషియోలో రోడ్డు కింద ఏం జరుగుతోందో చూసే కన్ను లేదు, బండ్లను ఆపమనే నోరూ లేదు. అటుగా వచ్చిన లారీ గోతిలోకి దిగిపోయింది. అందులోని 74 ఏళ్ల డ్రైవర్ మృతదేహం మే నెలలో గానీ బయటికి రాలేదు.