మడమ నుంచి నాలుగు చుక్కల నెత్తురు

"ఎంత బుద్ధిమంతుడో చూడమ్మా, ఏడుపన్నదే లేదు. పాలకి మనం లేపితే గానీ లేవడు." విశాఖ ఎంవీపీ కాలనీలో మా బంధువులింట్లో, పదిరోజుల మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని ఒక అమ్మమ్మ మురిసిపోతూ అన్న మాట. నాకు గుండె కలుక్కుమంది. పుట్టుకతో థైరాయిడ్ హార్మోన్ లోటున్న బిడ్డ కూడా ఇలాగే మందకొడిగా ఉంటాడు. డిశ్చార్జి కాగితాలు అడిగి చూశాను. నవజాత శిశువు థైరాయిడ్ పరీక్ష పక్కన 'ఆప్షనల్' అని ఉంది, దాని మీద అడ్డగీత. మర్నాడే పరీక్ష చేయించాం. అంతా మామూలుగానే ఉందని తేలింది. కానీ ఆ 'ఆప్షనల్' అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను.

థైరాయిడ్ హార్మోన్‌ను చాలామంది ఒంటికి సత్తువనిచ్చేదిగానే చూస్తారు. ఎదిగే మెదడులో అది చేసేది జన్యువులను మేల్కొలిపే పని. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా వదిలేది టీ4 అనే రూపం. మెదడులో నాడీకణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్ కణాలు దాన్నుంచి ఒక అయోడిన్ పరమాణువును తీసేసి, అసలు పనిచేసే టీ3గా మారుస్తాయి. టీ3 నాడీకణం కేంద్రకంలోకి చేరి, డీఎన్‌ఏ మీద ముందే కాచుకుని ఉన్న రిసెప్టర్‌ను, అంటే హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్‌ను, అంటుకుంటుంది. హార్మోన్ రానంతసేపూ ఆ రిసెప్టర్ ఊరికే కూర్చోదు. అణచివేసే ప్రోటీన్లను వెంటబెట్టుకుని జన్యువుకు తాళం వేసి ఉంచుతుంది. టీ3 తగలగానే అవి తప్పుకుని, జన్యువును పనిచేయించే ప్రోటీన్లు వచ్చి చేరతాయి. చిట్టెలుకల్లో ఒక రకం రిసెప్టర్‌నే తీసేసి చూస్తే, హార్మోన్ లేకపోయినా చిన్నమెదడుకు జరగాల్సిన నష్టం తప్పింది. అంటే చెరుపంతా తెరుచుకోని ఆ తాళానిదే; హార్మోన్ లోటు ఎలా చెరుపు చేస్తుందో నాకు ఇక్కడే బోధపడింది. నరాలకు తొడుగు వేసే మైలిన్, చిన్నమెదడులో పర్కింజీ అనే నాడీకణాలు కొమ్మలు చాచడం, కణాలకు వాటి చోటు చూపించే రీలిన్ అనే ప్రోటీన్, అన్నీ ఆ తాళం వెనకే ఉన్నాయి. దేని అదను దానిది. అదను తప్పాక మందు పోసినా పూర్తిగా కోలుకోదు.

కడుపులో బిడ్డ థైరాయిడ్ గ్రంథి పని మొదలుపెట్టేది సుమారు 12 వారాలకు. అప్పటిదాకా ఉన్నదంతా తల్లి హార్మోనే. ఆ హార్మోన్ తయారవ్వాలంటే అయోడిన్ కావాలి. "సముద్రం పక్కనున్న మనకి అయోడిన్ లోటేటి?" అని విశాఖలో చాలామంది అంటారు. సముద్రపు నీటిని ఎండగట్టిన ఉప్పులో అయోడిన్ మిగిలేది బహు తక్కువ. ఏడాదికోసారి ఆవకాయలో కల్లుప్పు వేస్తే ముప్పేమీ లేదు, గర్భిణి ఉన్న ఇంట రోజూ కూరలోకి మాత్రం అయోడైజ్డ్ ఉప్పే ఉండాలి. ఆమెకు రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. మన్యం కొండల్లో వానలు నేలలోని అయోడిన్‌ను కడిగేస్తాయి కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త అవసరం.

మన దేశంలో సుమారు వెయ్యి మంది శిశువుల్లో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ హార్మోన్ లోటు ఉంటుంది. తల్లి హార్మోన్ కొంత మిగిలి ఉండటంతో మొదట్లో బిడ్డ చక్కగానే కనిపిస్తాడు. మందకొడితనం, వదలని పచ్చకామెర్లు, మలబద్ధకం బయటపడేసరికి విలువైన వారాలు గడిచిపోతాయి. కెనడాలోని క్యుబెక్‌లో 1970లలోనే మడమ రక్తాన్ని ఫిల్టర్ కాగితం మీద ఆరబెట్టి అందరు పిల్లలకూ పరీక్ష మొదలుపెట్టారు. లోటు తేలితే రెండు వారాల్లోపు థైరాయిడ్ హార్మోన్ మాత్ర మొదలుపెట్టాలి. దాన్ని పొడిచేసి చెంచాడు తల్లిపాలలో కలిపి పట్టిస్తారు, అంతే.

విశాఖలోని ప్రభుత్వాసుపత్రులు కేజీహెచ్ అయినా, ఘోషాసుపత్రి అయినా, సందు చివరి నర్సింగ్ హోం అయినా, ఈ పరీక్షకు రక్తం తీసిన తేదీ లేని డిశ్చార్జి కాగితం మీద సంతకం పడకూడదు. రెండు రోజులు నిండకుండానే ఇంటికి పంపేసే చోట బొడ్డుతాడు రక్తంతోనైనా చేయొచ్చు. ఫలితం వచ్చేసరికి తల్లి మన్యంలో చింతపల్లి అవతల ఏ గూడేనికో చేరిపోయి ఉంటుంది, ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. అందుకే రక్తం ఆరబెట్టిన ఆ కార్డు మీద తల్లి నంబరు పక్కనే ఆశా కార్యకర్త నంబరూ రాయాలి.