నాయకులు పనిచేస్తలేరా? ఒకసారి మా ఊరికొచ్చి చూడుండ్రి

గెల్చినంక నాయకులు కనవడరు, ఏ పని చేయరు అని పేపర్లల్ల రాస్తుంటరు, హోటల్ కాడ చాయ్ తాగుకుంట గూడ అందరిది అదే ముచ్చట. ఇది పచ్చి అబద్ధం. నల్లగొండ జిల్లాల ఏ ఊరికన్న పోయి చూడుండ్రి, ఒకాయన బర్రెల కొట్టం మీద వానకు అడ్డం పండుకొని ఉంటడు, ఇంకొకాయన బాత్రూంకు తలుపయి నిలవడ్డడు, ఆయన కింద వరుసల చిన్న చిన్న ఫొటోలు పడ్డ మండలం లీడర్లంత కోళ్ల గూటి మీద డ్యూటీల ఉన్నరు. జీతం లేదు, సెలవు లేదు, ఎండల వానల ఒక్కతీరుగ నవ్వుకుంటనే ఉన్నరు. ఇంతకన్న ప్రజాసేవ ఏముంటది.

నేను చెప్పేది ఫ్లెక్సీల గురించే. సిటీల ఇప్పుడు పాత సామాన్లతోని కొత్త వస్తువులు చేసుడు ఫీజు తీస్కొని నేర్పుతున్రు, ఖాళీ సీసకు రంగులేసి లైట్లు చుడితే దీపమైతదట, ఆ రంగులకు లైట్లకు పెట్టిన పైసలతోని నాలుగు దీపాలు కొనొచ్చు గని అది వేరే ముచ్చట. మా దిక్కు ఈ చదువు పుట్టుకతోనే వస్తది. ఫ్లెక్సీ అంటే లోపల పాలిస్టర్ దారాల జాలి, దానిమీద పీవీసీ అనే ప్లాస్టిక్ పూత. నీళ్లు దిగవు, తొందరగ చినగదు. కేంద్రం 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను బంద్ పెట్టినప్పుడు స్ట్రాలు, ఇయర్‌బడ్ పుల్లలు, థర్మకోల్ డెకరేషన్‌తో పాటు 100 మైక్రాన్ల కన్న పల్చగుండే పీవీసీ బ్యానర్లను గూడ ఆ లిస్టుల వెట్టింది. అందరు పర్యావరణం కోసం అనుకున్రు. నా లెక్కల మాత్రం ఇది పక్కా రైతు స్కీం, పల్చటి బ్యానర్ రెండు వానలకు పోతది, దొడ్డుది అయితేనే పంటకు కప్పనీకి అక్కరకొస్తది అని ఢిల్లీల ఎవరో ఆలోచించే ఉంటరు.

పాత నల్లగొండ జిల్లా ఈ విషయంల పెట్టి పుట్టింది. 2019 అక్టోబర్ 21న హుజూర్‌నగర్, 2021 ఏప్రిల్ 17న నాగార్జునసాగర్, 2022 నవంబర్ 3న మునుగోడు, మూడేండ్లు గడిచేసరికి మూడు ఉప ఎన్నికలు. తారీఖులు మళ్లొకసారి చూడుండ్రి. సాగర్‌ది యాసంగి కోతలప్పుడు, మిగిలిన రెండు వానాకాలం పంట చేతికొచ్చే టైంకు. ఎన్నికల సంఘంల వ్యవసాయం తెలిసినోళ్లు లేకుంటె ఇంత కరెక్టుగ ఎట్ల కుదురుతది? పాలమూరు దిక్కు మా చుట్టాలు మమ్మల్ని చూసి కుళ్లుకుంటరు, ఆ మూడేండ్లల్ల వాళ్లకు ఒక్కటి గూడ తగల్లే.

వడ్ల కొనుగోలు సెంటర్ల ఏమైతదో తెల్వనోళ్లకు చెప్తున్న. తేమ 17 శాతం దాటొద్దంటరు, నాలుగు రోజులు కాళ్లతోని సాళ్లు తీసుకుంట ఎండవోస్తం, ఇగ రేపు కాంటా అయితది అన్నరోజే పొద్దుమీకి మబ్బు పడతది. సెంటర్ల వడ్ల మీద కప్పనీకి ఇచ్చే పట్టాలు ఎవరి రాశి మీద ఉంటయో దేవునికెరుక, కిరాయికి తెద్దామంటె మబ్బు చూసి రేటు పెంచుతరు. అప్పుడు ఉరుక్కుంట వచ్చి ఆదుకునేది ఎవరంటె, పోయిన ఎలక్షన్ల ఓడిపోయిన క్యాండిడేట్. గెల్చినాయన ఫ్లెక్సీ ముట్టుకుంటె కేసయితదేమో అని భయం, ఓడినాయనది రిజల్ట్ తెల్లారి ఎవ్వలు అడగరు. గందుకే మా దిక్కు ఓడినోళ్లే ప్రజలకు ముందుగాల అందుబాటులకు వస్తరు.

ఇంట్ల దీనికి మా అమ్మనే డిపార్ట్‌మెంట్ హెడ్. ముందుగాల ఫ్రేమ్ కట్టెల నుంచి మేకులు ఒక్కొక్కటి గుంజుతది, వంకరపోయిన మేకును గడప కాడి రాయి మీద పండవెట్టి వేలుతోని తిప్పుకుంట సుత్తెతోని చిన్నగ కొట్టి సక్కగ చేసి పాత హార్లిక్స్ సీసల వేస్తది, కట్టెలు చిక్కుడు తీగకు పోతయి. మిరపకాయలు, చింతపండు ఎండవోసేటప్పుడు ముఖం కిందికి, తెల్లటి దిక్కు పైకి, ఎందుకంటె రంగు అంటుతది. బాత్రూం తలుపుకు మాత్రం ముఖం బయటికే ఉండాలె. లోపలికి తిప్పితె ఏమైతది అని అడిగిన. "సిగ్గు లేదా బిడ్డా, ఓట్లప్పుడు చూసింది సాలదా, తానం చేసేటప్పుడు గూడ చూడాల్నా ఆయన?"

పెండ్లి ఫ్లెక్సీలతోని జర జాగ్రత్త. మా మేనత్తోళ్లింట్ల కొత్తల్లుడు దసరాకు వచ్చి వాకిట్ల తన ముఖం మీద ఎండుతున్న మిరపకాయలు చూసిండు. ఏం అనలే, అన్నం కాడ గూడ సక్కగ తినలే. "గా తెల్లటి దిక్కు జారుతుందయ్యా, గందుకే తిప్పేసినం" అని మా మేనత్త ఎంత నచ్చజెప్పినా ఆయన పండుగ మొత్తం వాకిట్లకు రాలే.

దినాలు అయినంక మిగిలే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ సంగతి ఇంకా కష్టం. పారేయనీకి పాణం ఒప్పదు, పెండకుప్ప మీద కప్పనీకి మనసొప్పదు. మా వాడల ఒకింట్ల తాత ఫ్లెక్సీని ట్రాక్టర్ మీద కప్పుతున్రు. బతికున్నప్పుడు గూడ ఆయన ట్రాక్టర్‌ను ఎవ్వల్ని ముట్టనియ్యకపోతుండె.

నీళ్లు కాగే పొయ్యిల మాత్రం ఫ్లెక్సీ ముక్క పెట్టొద్దు, ఇది నవ్వులాటకు చెప్తలేను. పీవీసీ కాలితె హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు అనే విషాలు వస్తయి, నాయకుడు పోయేటప్పుడు గూడ మన గొంతు పట్టుకొనే పోతడు. ఎండకు పూత పొట్టు రాలుడు గూడ ఉంటది, ముందు జెండా రంగు పోతది, తర్వాత నవ్వు, ఆఖరికి దండం పెట్టిన చేతులు గూడ పోయి జాలి మిగుల్తది. ఆ పొట్టు చేన్ల పడి, గడ్డిల కలిసి, బర్రె నోట్లెకు పోతది. స్కీంల ఈ పేజీ ఎవరు రాయలే.

కాబట్టి ఫ్లెక్సీలు కొట్టించెటోళ్లకు నా విన్నపం. అంచులకు రెండు ఫీట్లకొక ఇనుప రింగు పెట్టియ్యుండ్రి, తాడు కట్టనీకి. గాలి పోవాలెనని మధ్యల కోతలు కొయ్యొద్దు, మీకు రెండు దినాల గాలి, మాకు రెండేండ్ల కారుడు. ముఖం ఎంత పెద్దగ వేస్కున్నా మాకు అభ్యంతరం లేదు, సైజు పెరిగితె మాకే లాభం. అసెంబ్లీ ఎలక్షన్లు మళ్ల 2028 ఆఖర్లనే, మా తానున్న 2023 నవంబర్ సరుకు అప్పటిదాక ఆగేటట్టు లేదు, ఉప ఎన్నిక రావాలెనని కోరుకునుడు పద్ధతి గాదు. యాసంగి కోతల లోపట ఎవరిదన్న పుట్టినరోజు ఉంటె చెప్పుండ్రి, వార్డు మెంబర్ అయినా పర్వాలే, మేమే వచ్చి దించుకొని పోతం.