గేదెల ఉప్పు ఇటుకకి అడవిలో ఏం పని?

మొన్న మా దాణా కొట్టుకి ఒక కుర్రాడొచ్చి పశువులు నాకే ఉప్పు ఇటుకలు 12 కావాలన్నాడు. గుంటూరులో తవుడు, పత్తి చెక్క, మినరల్ మిక్చర్ అమ్ముకునేవాణ్ని. డెయిరీ వాళ్లు తప్ప ఒకేసారి అన్ని ఇటుకలు ఎవరూ తీసుకోరు.

"గేదెలెన్ని తమ్ముడూ?" అన్నా.

"రెండే అన్నా. మిగతావి దుప్పులకి. మాచర్ల అవతల మా మావయ్య చేను అడివి పక్కనే. అక్కడ పెట్టి కెమెరా కడతాం" అని ఫోన్ తీశాడు. అమెరికా వీడియో. చెట్టు మొదట్లో ఉప్పు రాయి, రాత్రిపూట పెద్ద కొమ్ముల జింక వచ్చి నాకుతోంది. కింద లైకులే లైకులు.

ఆ ఇటుక సంగతి నాకు బాగా తెలుసు. మధ్యలో చిల్లు, తాడు దూర్చి గాటి దగ్గర కడతారు. వారం తిరిగేసరికి గేదె నాలిక ఆడిన వైపు నున్నగా గుంట పడుతుంది, ఏటి ఒడ్డున దొరికే రాయిలా. ఉప్పు కోసం పశువు అంతలా ఎగబడుతుంది. గడ్డిలోనూ ఆకులోనూ పొటాషియం దండిగా, సోడియం బహు తక్కువ. కాబట్టి ఆకు తిని బతికే జంతువులకి చాలావరకు ఉప్పు కరువే. అడవిలో చవిటి నేల ఉన్నచోటుకి దుప్పులు, కణుజులు వెతుక్కుంటూ పోయి మట్టి నాకేది అందుకే. పైగా మగ దుప్పి కొమ్ములు రాల్చుకుని మళ్లీ పెంచుకోవాలి. దానికి కాల్షియం, ఫాస్ఫరస్ కావాలి. రాలిన కొమ్ముల్ని, ఎముకల్ని కూడా కొరుకుతాయవి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఉప్పు మరిగిన దుప్పి మాత్రం అదే దారిన, అదే చోటుకి మళ్లీ మళ్లీ వస్తుంది. వేటగాడికి అంతకంటే ఏం కావాలి? నువ్వు పెట్టేది కెమెరా కావచ్చు. పక్క చేను వాడు పెట్టేది ఉచ్చు. లేదంటే పందుల కోసమని లాగిన కరెంటు తీగ. ఆ తీగకి ఎన్ని ఊళ్లల్లో మనుషులే పోయారో పేపర్ చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే తుపాకీ పేల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, విషం పెట్టడం, తరమడం, ఎర వేయడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. లైసెన్సు మీద వేటాడనిచ్చిన పాత రోజుల్లో సైతం ఉప్పు నాకే చోట, నీళ్లు తాగే చోట కాపు కాసి కొట్టకూడదని అదే చట్టంలో రాశారు. లైసెన్సు ఉన్నవాడికే వద్దన్న పని ఇది! 1991 సవరణతో ఆ లైసెన్సు వేట కూడా పోయింది. ఇప్పుడు అభయారణ్యంలో వేటంటే మూడేళ్లకి తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయలకి తగ్గని జరిమానా. మాచర్ల అవతల మొదలయ్యేది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. అక్కడ గార్డుకి దొరికాక "రీల్ కోసం అన్నా" అంటే వింటాడా?

అమెరికాలో చేస్తున్నారుగా అని ఆ కుర్రాడి వాదన. అక్కడ వేటకి సీజను ఉంది, లైసెన్సు ఉంది, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూలు. కొన్నిచోట్ల ఉప్పు పెట్టొచ్చు, కొన్నిచోట్ల ఎరే నిషేధం. దానికి ఒక పెద్ద కారణం జింకల్ని చిక్కి శల్యం చేసి చంపే జబ్బు. 1967లో కొలరాడోలో బయటపడింది. దాన్ని కలిగించే ప్రయాన్ అనే ప్రోటీను ఎంగిలిలో ఉంటుంది, మట్టిలో పడితే ఏళ్ల తరబడి పోదు. నలభై జింకలు ఒకే రాయి నాకితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ ముక్క మాత్రం వీడియోలో రాదు.

మనకి గాలికుంటు ఉంది. నోట్లో పుండ్లు, కాలి గిట్టల మధ్య పుండ్లు, చొంగ కారుస్తూ నిలబడ్డ గేదెని చూసినవాళ్లకి నేను వర్ణించక్కర్లేదు. ఆ చొంగలోనే వైరస్. చేను గట్టున ఇటుక పెడితే పగలు మేకలు, గేదెలు నాకుతాయి, రాత్రి దుప్పులు నాకుతాయి. జబ్బు ఎటునుంచి ఎటైనా పోవచ్చు. పశువుకి టీకా వేయిస్తాం. దుప్పికి ఎవరు వేస్తారు? మార్కెట్లో యూరియా కలిపిన ఇటుకలు కూడా ఉన్నాయి. అలవాటు లేని జంతువు ఒక్కసారే ఎక్కువ తింటే ప్రాణానికే ముప్పు. ఇది గేదెలకి కూడా వర్తిస్తుంది, అది వేరే గొడవ.

అటవీశాఖ వాళ్లు పెట్టట్లేదా అని ఇంకో ప్రశ్న. అభయారణ్యాల్లో పెడతారు, వేసవిలో సాసర్‌లా ఉండే లోతు తక్కువ గుంటల్లో నీళ్లూ పోస్తారు. కానీ అది అడవి లోపల, వాళ్ల కాపలాలో. మనం చేను గట్టు మీద పెట్టి దుప్పిని బయటికి లాక్కొచ్చి, మళ్లీ మనమే "మినప చేను మేసేశాయి" అని ఏడుస్తాం. ఆ ఏడుపు అబద్ధం కాదు. రాత్రంతా కాపలా ఉండే రైతు కష్టం నాకు తెలుసు. మరి ఆ రైతు గట్టు మీదికే పిలుపు పంపడం దేనికి?

ఇదంతా కొట్టులో ఇంత వరసగా చెప్పలేదులెండి. సగం చెప్పేసరికి ఇంకో బేరం వచ్చింది. కుర్రాడు కాసేపు నిలబడి, రెండు ఇటుకలు తీసుకుని బండెక్కాడు. పది ఇటుకల బేరం పోయిందని మా ఆవిడ ఇంకా సణుగుతూనే ఉంది. నేను మాత్రం ఇటుక అడిగినవాళ్లందరినీ ముందు గేదెలెన్ని అనే అడుగుతున్నా.