తెలియనప్పుడు తెలియదని చెప్పే వాచీ కావాలి

పోయిన వేసవిలో ఒక అమ్మాయిని మూడు వారాల పాటు అన్యాయంగా తిట్టాను. ముందు ఆ సంగతి చెప్పాలి.

అనంతపురంలో పొద్దున పూట కొంతమంది పిల్లలకు పరుగు నేర్పిస్తాను. ఆ అమ్మాయికి పదహారేళ్లు, 800 మీటర్లు పరిగెత్తుతుంది. వాళ్ల మామ బెంగళూరు నుంచి మంచి స్పోర్ట్స్ వాచీ తెచ్చిచ్చాడు. ఈజీ రన్ రోజు, అంటే పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ పోగలిగేంత నెమ్మదిగా పరిగెత్తాల్సిన రోజు, ఆ వాచీ గుండె వేగం 178, 180, 182 అని చూపించేది. "నెమ్మదిగా పొమ్మన్నాను కదమ్మా, ఎందుకంత గట్టిగా పోతావు?" అని రోజూ కసిరేవాణ్ణి. "నెమ్మదిగానే పోతాండా సార్" అనేది. నేను వాచీనే నమ్మాను. పాపం, ఇంకా నెమ్మదించింది. అంకె మాత్రం దిగలేదు.

ఒకరోజు రౌండు మధ్యలో ఆపి, మెడ పక్కన తన రెండు వేళ్లే పెట్టుకోమని, స్టాప్‌వాచ్ నేను పట్టుకుని పది సెకన్లు లెక్కపెట్టించాను. ఇరవై నాలుగు. ఆరుతో గుణిస్తే 144. వాచీ మీద ఇంకా 179 ఉంది. మళ్లీ పరిగెత్తించి ఈసారి అడుగులు లెక్కపెట్టాను. అర నిమిషానికి తొంభై. నిమిషానికి 180. ఆ వాచీ మూడు వారాలుగా గుండెను కాదు, అడుగులను లెక్కపెడుతోంది.

ఇది ఒక్క వాచీలో వచ్చిన లోపం కాదు. మణికట్టు వాచీ వెనక ఆకుపచ్చ లైట్లు వెలుగుతాయి చూడండి, ఆ వెలుతురును రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం కాస్త పెరిగి తగ్గుతుంది కాబట్టి తిరిగొచ్చే వెలుతురు కూడా మారుతుంది. వాచీ లెక్కపెట్టేది ఆ మార్పునే. పరుగులో చెయ్యి ఊగినప్పుడు, పాదం నేలను తాకినప్పుడు కూడా అలాంటి కదలికే వస్తుంది. పట్టీ వదులుగా ఉంటే ఇంకా ఎక్కువ. ఆ లయ బలంగా ఉంటే వాచీ దాన్నే పట్టుకుంటుంది. కేడెన్స్ లాక్ అంటారు దీన్ని. నెమ్మదిగా పొమ్మంటే పిల్లలు అడుగు చిన్నది చేస్తారు గానీ అడుగుల సంఖ్య పెద్దగా తగ్గదు. అందుకే నేను ఎంత కసిరినా ఆ అంకె దిగలేదు.

కొలిచే వస్తువు తప్పు కొలవడం నాకు పెద్ద విషయం కాదు. స్టాప్‌వాచ్ నొక్కే నా వేలు కూడా తప్పు చేస్తుంది. నా కోపమంతా ఆ 179ని అంత పెద్ద అక్షరాల్లో, ఏ అనుమానమూ లేకుండా చూపించినందుకు. సిగ్నల్ బాగుందో బాలేదో లోపలి సాఫ్ట్‌వేర్ కొంతవరకు కనిపెట్టగలదు. అలాంటప్పుడు అంకె బదులు రెండు గీతలు చూపించండి. లేదా అంకెను బూడిద రంగులోకి మార్చండి. "ఇప్పుడు సరిగ్గా అందడం లేదు" అని చెప్పడానికి కంపెనీలకు ఎందుకంత మొహమాటం? వాకింగ్‌కు వచ్చే పెద్దమనిషికి పది బీట్లు అటూ ఇటూ అయితే ఏమీ కాదు. రేసుకు సిద్ధమయ్యే పిల్లకు ఆ అంకె మీదే రేపటి ప్రాక్టీస్ ఆధారపడి ఉంటుంది. ఆ అమ్మాయి మూడు వారాల ప్రాక్టీసు అలాగే పోయింది. ఆమె నా మీద పెట్టుకున్న నమ్మకం ఎంత పోయిందో నేను అడగలేదు.

ఛాతీకి కట్టే పట్టీ వాడొచ్చు కదా అంటారు. అది గుండె విద్యుత్తునే పట్టుకుంటుంది కాబట్టి నిజంగా మెరుగు. కానీ ఆడపిల్లలకు లోదుస్తుల అంచు కిందకు అది సరిగ్గా కూర్చోదు. స్ప్రింట్‌లో జారుతుంది. చెమట ఎండి ఉప్పు పేరుకుంటే చర్మం ఒరుసుకుపోతుంది. గ్రౌండులో అందరి ముందూ మాటిమాటికీ సర్దుకోవడం వాళ్లకు ఎంత ఇబ్బందో డిజైన్ చేసేవాళ్లు ఒక్క పొద్దున వచ్చి చూస్తే తెలుస్తుంది. మోచేతికి పైన కట్టే బ్యాండ్ నాకు వీటన్నిటికంటే నచ్చింది. అక్కడ ఊపు తక్కువ, కండ ఎక్కువ, అంకె కూడా మణికట్టు కంటే నమ్మకంగా వస్తుంది. అయితే అదీ వెలుతురుతోనే కొలుస్తుంది. మెలనిన్, అంటే చర్మానికి నలుపునిచ్చే పదార్థం, ఎక్కువున్న చర్మం ఆకుపచ్చ వెలుతురును ఎక్కువ పీల్చుకుంటుంది. కాబట్టి ఎండలో నల్లబడ్డ మా పిల్లల చేతుల మీద కూడా పరీక్షించాకే అమ్మాలి.

ఈ రంగంలో పాత పేరు పోలార్ కంపెనీ. 1977లో ఫిన్లాండులో పెట్టారు. మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్ల గుండె వేగం కొలవాలన్న అవసరమే దానికి పునాది. 1982కల్లా వైర్లు లేని హార్ట్ రేట్ మానిటర్ తెచ్చారు. వాళ్ల మంచుకు, వాళ్ల ఆటగాళ్లకు ఏం కావాలో చూసి చేసుకున్నారు. మరి మే నెల అనంతపురానికి ఏం కావాలో ఎవరు చూస్తున్నారు? అదే వేగంతో పోతున్నా ఎండలో నీళ్లు తగ్గేకొద్దీ గుండె వేగం పెరుగుతూ పోతుంది. అది దేహం చల్లబడటానికి పడే పాటు. నేను చూసిన ఒక వాచీ మాత్రం "మీ ఫిట్‌నెస్ తగ్గుతోంది" అంది. రక్తహీనత ఉన్నా గుండె అలాగే ఎక్కువ కొట్టుకుంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని తేలింది. అంకె పెరిగిందంటే పిల్ల బద్ధకించిందని కాదు, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలని కూడా కావచ్చు. ఆ మాట వాచీ చెప్పాలి.

220లోంచి వయసు తీసేసి అదే గరిష్ఠ గుండె వేగం అనుకోవడం ఇంకో జబ్బు. అది సగటు లెక్క. ఒకే వయసు పిల్లల మధ్య పది, పన్నెండు బీట్ల తేడా మామూలే. ఆ లెక్కతో, ఎంత గట్టిగా పరిగెత్తుతున్నారో చెప్పే రంగురంగుల జోన్లు గీసి పిల్లల ముందు పెడతారు.

ఈరోజు ఒళ్లు ఎంత సిద్ధంగా ఉందో చెబుతూ వాచీలో ఉదయాన్నే వచ్చే "రెడీనెస్ స్కోర్" అయితే నాకు అస్సలు పడదు. ఒక పోటీల రోజు పొద్దున మా అబ్బాయొకడు ఐదు గంటలకు వాచీ చూసుకున్నాడు. ఈరోజు విశ్రాంతి తీసుకోమని ఉంది. రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, ఎవరికి పడుతుంది? హీట్స్, అంటే మొదటి రౌండు పరుగులు, అయ్యేదాకా వాడి మొహంలో రక్తం లేదు. రేసు రోజు ఆ స్కోర్ దానంతటదే దాగిపోవాలి. రేసు మోడ్ అని ఒకటి పెట్టి, అందులో ఫోనుతో సంబంధం కూడా పూర్తిగా తెగిపోయేలా చెయ్యాలి. ప్రపంచ అథ్లెటిక్స్ నిబంధనల ప్రకారం గుండె వేగం, దూరం కొలిచే పరికరం ఒంటి మీద ఉండొచ్చు గానీ దానితో ఇంకొకరితో మాట్లాడే వీలు ఉండకూడదు. సిమ్ ఉన్న వాచీ పెట్టుకొచ్చిన పిల్లవాడు రేసుకు ముందు ఆటగాళ్లను పిలిచి తనిఖీ చేసే కాల్ రూమ్‌లో దాన్ని విప్పి ఎవరికివ్వాలో తెలీక దిక్కులు చూడటం నేను చూశాను.

హాస్టల్లో ఉండే పిల్లలకు ఫోన్ ఉండదు. వాచీ ఆన్ చెయ్యాలంటే ఫోన్ కావాలి, ఈమెయిల్ కావాలి, ఖాతా కావాలి. పది మంది వాచీలను కోచ్ ఫోన్ ఒక్కటే చదివేలా తక్కువ ధరలో ఎందుకు చెయ్యరు?

నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. ప్రాక్టీస్ అయ్యాక నానబెట్టిన శెనక్కాయలు తినేటప్పుడు ఒక్కొక్కరినీ అడుగుతాను: "ఈరోజు ఎంత కష్టమనిపించింది, పదికి ఎంత?" నలభై నిమిషాల ప్రాక్టీసుకు ఆరు అంటే, రెండూ గుణించి 240 అని రాస్తాను. వారం మొత్తం కూడితే ఎవరి మీద బరువు ఎక్కువైందో కనబడుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, ప్రపంచమంతా కోచ్‌లు వాడే పద్ధతే. ఆ అమ్మాయి విషయం తెలిశాక పాత పేజీలు తిప్పాను. ఆ మూడు వారాల్లో ప్రతి ఈజీ రన్‌కూ ఆమె చెప్పింది మూడు. నా చేతులతో నేనే రాసుకున్నాను, మూడు, మూడు, మూడు. అయినా వాచీనే నమ్మాను.

అందుకే వాచీ ముందు పిల్లను అడగాలి. "ఎలా అనిపించింది?" అని అడిగి, జవాబు నొక్కాకే అంకెలు చూపించాలి. రెండూ కలవకపోతే "ఒకసారి పల్స్ చేత్తో చూసుకోండి" అనాలి. తెలుగులో అనాలి.

జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు ఇది చదువుతుంటే, మీ ప్రాజెక్టు వైర్లు వేలాడుతున్నా సరే తీసుకురండి, మోచేతికి గుడ్డతో కట్టుకుని పరిగెత్తుతాం. పొద్దున ఐదున్నరకు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్. మే నెలలో అయితే ఐదుకే రండి, ఏడు దాటితే గ్రౌండులో ఎవరూ ఉండరు.