ఆమెకు చెప్పని మాట

ఇటలీ దర్శకుడు బెర్నార్డో బెర్టొలూచి తీసిన ‘లాస్ట్ టాంగో ఇన్ పారిస్’ ప్రదర్శనను 2024 డిసెంబరులో పారిస్‌లోని చలనచిత్ర భాండాగారం ఫ్రెంచ్ సినెమాటెక్, మహిళా హక్కుల వాదుల నిరసన తర్వాత, భద్రత కారణం చూపి రద్దు చేసుకుంది. 1972 నాటి ఈ చిత్రానికి శిక్షలు కొత్త కాదు. ఈసారి మారిందల్లా నేరం పేరు.

1976లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం దీన్ని అశ్లీలమని తేల్చి, ప్రతులను ధ్వంసం చేయమంది. దర్శకుడు ఐదేళ్లపాటు ఓటుహక్కు కోల్పోయారు. నిషేధం తొలగింది 1987లో. నాటి తీర్పు తూచింది తెర మీది దేహాలనూ, చూసేవారిలో అవి రేపే కోరికనూ. ఇప్పటి నిరసన చిత్రంలోని బలాత్కార దృశ్యాన్ని తీసిన తీరు మీద. అది తీసేటప్పటికి నటి మారియా ష్నైడర్‌కు పందొమ్మిదేళ్లు. ఎదుట నటించిన మార్లన్ బ్రాండో ఆమెకంటే ఇరవై ఎనిమిదేళ్లు పెద్ద. అందులో వెన్న వాడాలన్న ఆలోచన దర్శకుడికీ బ్రాండోకీ మధ్యనే నడిచింది. చర్య నటనే అయినా తన కన్నీళ్లు నిజమైనవనీ, ఆ ఇద్దరూ తనపై ఒక విధంగా అత్యాచారం చేసినట్టే అనిపించిందనీ 2007లో ఆమె చెప్పారు. 2011లో ఆమె మరణించారు. ఆ తర్వాత రెండేళ్లకు బెర్టొలూచి, తనకు కావలసింది నటి స్పందన కాదు, ఆడపిల్ల స్పందన అని ఒప్పుకున్నారు. అపరాధభావం ఉందిగానీ పశ్చాత్తాపం లేదన్నారు. హింస సంగతి స్క్రిప్టులో ఉన్నదేననీ, ఆమెకు తెలియనిది వెన్న ఒక్కటేననీ 2016లో వివరణ ఇచ్చుకున్నారు. మా అభ్యంతరం ఆ ‘ఒక్కటే’ దగ్గరే.

దొంగచాటు చూపును కథావస్తువు చేసుకోవడం తప్పని మేము అనడం లేదు. ఎదుటి భవనంలోని స్త్రీని టెలిస్కోపుతో చూసే పోస్టాఫీసు కుర్రవాడి కథను పోలండ్ దర్శకుడు కీష్లోవ్‌స్కీ 1988లో తీశారు. చివర ఆ స్త్రీయే అదే టెలిస్కోపులోంచి తన ఇంటినీ తననూ చూసుకుంటుంది. వేరే ముగింపు కావాలని అడిగింది ఆ పాత్ర వేసిన నటి గ్రజీనా షపొవోవ్‌స్కా. చూపుకు గురైన మనిషి మాట చెల్లితే కథ ఎంత దూరం వెళ్లగలదో ఆ ఒక్క మార్పు చెబుతుంది.

మన సుప్రీంకోర్టు 1996లో ‘బాండిట్ క్వీన్’ కేసులో, వివస్త్రను చేసే దృశ్యం పుట్టించేది కామం కాదు, ఆ పని చేసినవారిపై అసహ్యం అని చెప్పి, తెర మీది చూపును వివేకంతోనే తూచింది. సెన్సార్ బోర్డు పనీ తెర దగ్గరే ఆగిపోతుంది. సెట్‌లో ఎవరికి ఏం చెప్పారన్నది ఆ సర్టిఫికెట్‌లో ఉండదు. తెలుగు చిత్రసీమలో లైంగిక వేధింపులపై తెలంగాణ ప్రభుత్వం 2019లో వేసిన ఉపసంఘం నివేదికను బయటపెట్టమని 2024లో నటి సమంత బహిరంగంగా కోరవలసి వచ్చింది.

సినెమాటెక్ రద్దు మార్గం మాకు సమ్మతం కాదు. ఆ దృశ్యం ఎలా తీశారో ముందుగా చెప్పి చిత్రాన్ని చూపించవలసింది. ఇకమీదట మన నిర్మాతలు నటితో ఒప్పుకున్నదాన్ని కాగితం మీద పెట్టాలి; దానికి ఏది కలపదలచినా ముందు ఆమెను అడగాలి. ఉదయం తోచిన ఆలోచనను షాట్‌కు ముందు ఆమెతో చెప్పడానికి పట్టేది ఐదు నిమిషాలు.