పొగ మాన్పించే ఆన్‌లైన్ కోచింగు గారికి

మహారాజశ్రీ కోచింగు గారికి, హనుమకొండ నుంచి తమ శిష్యుడు నమస్కరించి రాయునది.

తమ పాఠం ఒక్కటీ వదలడం లేదు. సిగరెట్టు లేనిదే ఏకాగ్రత కుదరదు కనుక, సాయంత్రం ఏడింటి తరగతికి చౌరస్తా దగ్గర పాన్ డబ్బా పక్కన నిలబడి, కెమెరా ఆపి, చెవిలో తమ గొంతు, ఒక చేతిలో చాయ్, రెండో చేతి వేళ్ల మధ్య సిగరెట్టుతో హాజరవుతున్నాను. తాగాలనిపించినప్పుడు కొద్ది నిమిషాలు ఓపిక పడితే ఆ కోరిక తానే తగ్గుతుందన్న తమ మాట నిజం. ఒక సిగరెట్టు కాలడానికీ దాదాపు అంతే సమయం పడుతుంది.

నికొటిన్ గమ్మును నెమ్మదిగా నమిలి బుగ్గన పెట్టుకోవాలన్నారు. నేను పాన్ నమిలినట్టు నమిలేసి, రాత్రంతా ఎక్కిళ్లతో కూర్చున్నాను.

తమరిలో నాకు నచ్చిన గుణం నమ్మకం. పడుకునే ముందు 'ఈరోజు తాగలేదు' అని నొక్కితే చాలు, తెర మీద పూలవాన కురిపిస్తారు. మా ఇంటావిడకు అంతటి విశాల హృదయం లేదు. తమరిచ్చిన 21 రోజుల ప్రశంసాపత్రం చూపిస్తే, "ఆ కాగితం బీరువాల పెట్టుండ్రి, అంగి మాత్రం బకీట్ల వెయ్యుండ్రి" అన్నది. 'ఆదా అయిన సొమ్ము' అని తమరు రోజూ చూపే అంకె కూడా పెరుగుతూనే ఉంది. ఆ సొమ్ము ఎక్కడున్నదో డబ్బా యజమానికి తెలుసు.

అప్పుడప్పుడు మనసు పొడిచి నిజం నొక్కుతాను. లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మానిన తొలి రోజుల్లోనే ఒళ్లు ఎక్కువగా గుంజుతుందని తమ పాఠం. ఈ ఏడాదిలో ఆ 'మానిన మొదటి రోజు' నాకు 11 సార్లు వచ్చింది కనుక, ఆ విషయంలో తమకే పాఠం చెప్పగలను.

తమకు పోటీ ఒకటున్నది. 2018 నుంచి సిగరెట్టు పెట్టెల మీదే 1800-112-356 అనే ప్రభుత్వ ఉచిత నంబరు అచ్చవుతోంది. అక్కడ మనిషి మాట్లాడతారు, ఏ తేదీన మానేస్తారని అడుగుతారు, ఆ తర్వాత వాళ్లే ఫోను చేసి ఎలా ఉన్నారని విచారిస్తారు. అదే నా భయం. పూలవానకు అబద్ధం చెప్పినంత తేలికగా మనిషి గొంతుకు చెప్పలేము. (ఆ నంబరు కనపడకుండా పెట్టెను బొటనవేలితో పట్టుకోవడం మాత్రం ఏ కోచింగూ లేకుండానే నేర్చుకున్నాను.)

వచ్చే నెల ఫీజు కట్టాను, రసీదు పంపగలరు. తరగతిని ఏడుంబావుకు మార్చితే డబ్బా దగ్గర రద్దీ కాస్త తగ్గి, నిలబడడానికి చోటు దొరుకుతుందని మనవి.

ఇట్లు,
తమ పూర్తి హాజరు శిష్యుడు