లాటిన్ సరదా ఎవరి సొత్తు?

1741లో బ్రిటన్ పార్లమెంటులో ప్రధాని రాబర్ట్ వాల్పోల్ తన మీద వచ్చిన ఆరోపణలకు జవాబిస్తూ రోమన్ కవి హొరేస్ లాటిన్ పాదం ఒకటి చదివారు. ఎదుటి పక్షంలోని విలియం పుల్టెనీ అక్కడే పట్టుకున్నారు, విభక్తి తప్పిందని. ఒక గిన్నీ పందెం కాశారు. సభ గుమస్తా పుల్టెనీదే ఒప్పని తేల్చారు. వాల్పోల్ నాణెం విసిరారు. దాన్ని అందుకున్న పుల్టెనీ, ఎన్నో ఏళ్లలో ఖజానా నుంచి తన చేతికొచ్చిన సొమ్ము ఇదొక్కటే అన్నారు. ఆ గిన్నీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

వాల్పోల్ ఈటన్ స్కూల్లో చదివారు, పుల్టెనీ వెస్ట్‌మినిస్టర్ స్కూల్లో. రాజకీయంగా బద్ధశత్రువులైనా చిన్నప్పుడు వల్లె వేసిన పాఠం ఒకటే. అందుకే అంత వేడిలోనూ ఆ పందెం సాధ్యమైంది. మనలో సంస్కృతం చదివినవాళ్లకు 'రామః రామౌ రామాః' ఎలాగో, వాళ్లకు 'ప్రేమించు' అనే లాటిన్ క్రియకు రూపాలైన 'అమో, అమాస్, అమాత్' అలాగ. మిగతాదంతా మరిచిపోయినా అది నోట్లో ఆడుతూనే ఉంటుంది. కెనడీ రాసిన లాటిన్ ప్రైమర్ (వాచకం) అట్ట మీద ఇంగ్లిష్ అక్షరాలు దిద్ది దాన్ని 'ఈటింగ్ ప్రైమర్'గా, అంటే తిండి వాచకంగా, మార్చడం తరతరాల బడిపిల్లల అల్లరి. పెద్దయ్యాక ఆ అల్లరి తలుచుకుని నవ్వుకునే పెద్దమనుషుల్ని చూస్తే నాకూ ముచ్చటేస్తుంది.

కానీ ఆ నవ్వులో కలవాలంటే ముందు ఆ బడిలో సీటు దొరకాలి. ఇది మనకూ తగిలిన విషయమే. ఇండియన్ సివిల్ సర్వీసు పరీక్ష కోసం 1854లో మెకాలే కమిటీ వేసిన లెక్కలో లాటిన్‌కు 750, గ్రీకుకు 750 మార్కులు. సంస్కృతానికి 375, అరబిక్‌కు 375. తెలుగు ఆ జాబితాలోనే లేదు. మన జిల్లాలను ఏలడానికి వచ్చే కుర్రాళ్లను ఎంచుకున్న తీరు అది.

1960 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రవేశానికి లాటిన్ తప్పనిసరి కాదన్నాయి. ఆ తర్వాత ప్రభుత్వ బడుల్లో అది దాదాపు మాయమైంది. 2021లో బ్రిటన్ విద్యాశాఖ చూపిన లెక్క ప్రకారం ఇంగ్లండ్‌లో 11-14 ఏళ్ల పిల్లలకు లాటిన్ చెబుతున్న ప్రభుత్వ బడులు 2.7 శాతమే. ప్రైవేటు బడుల్లో అది 49 శాతం.

ఈ తేడా తగ్గించడానికే 2022లో 40 ప్రభుత్వ బడుల్లో లాటిన్ నేర్పే పథకం ఒకటి మొదలుపెట్టారు. 2025 ఫిబ్రవరిలో, విద్యా సంవత్సరం మధ్యలో, కొత్త ప్రభుత్వం నిధులు ఆపేసింది. డబ్బుకు ఇబ్బందే కావచ్చు. అయినా ఇది అన్యాయం. పదహారేళ్ల వయసులో రాసే జీసీఎస్ఈ పరీక్షకు సిద్ధమవుతున్న పిల్లలను నడిమధ్య వదిలేశారు. ఆ పిల్లలు పరీక్ష రాసేదాకైనా టీచర్ల జీతాలకు డబ్బివ్వాల్సింది. అప్పుడప్పుడే లాటిన్ మొదలుపెట్టిన పదకొండేళ్ల పిల్లకు కూడా దాన్ని చివరిదాకా చదివే హక్కు ఉంది.